కుక్క మెడకు బిళ్ల, యజమాని చేతికి పార

పిట్టలవానిపాలెం, చందోలు, ఖాజీపాలెం... ఈ మండలంలో ఏ ఊరి బజారులోనైనా పొద్దున ఆరింటికి నిలబడి, అక్కడ తిరుగుతున్న కుక్కల్లో పెంపుడువెన్ని, వీధివెన్ని అని అడిగి చూడండి. ఇద్దరు ఒకే లెక్క చెప్పరు. మన పల్లెల్లో కుక్క రాత్రి ఒక ఇంటి అరుగు మీద కాపలా కాస్తుంది, తెల్లవారగానే ఇంకో ఇంటి వాకిట్లో విసర్జిస్తుంది, మధ్యాహ్నానికి బడి దగ్గర మెతుకుల కోసం చేరుతుంది. సాయంత్రం పళ్లెంలో మిగిలిన పప్పన్నం గేటు పక్కన కుమ్మరించే ఇల్లాలి దగ్గరకు తోక ఊపుకుంటూ వస్తుంది. ఆ ఇంటివాళ్లు దానికి పేరు పెట్టి పిలుస్తారు. అది ఎవరినైనా కరిచిన రోజు మాత్రం, 'మాది కాదండీ, ఏదో ఇంత అన్నం పెడతామంతే' అంటారు.

కుక్కల గురించి మనకు నిబంధనలు లేక కాదు. ఉన్న ప్రతి నిబంధనా 'యజమాని' అనే మనిషిని వెతుక్కుంటూ వస్తుంది. ఊళ్లో ఆ మనిషే దొరకడు. అందుకే ఏ నిబంధన ఎంత జరిమానా వేస్తుంది, దేని గురించి ఏమీ చెప్పకుండా వదిలేసింది, ఆ ఖాళీని ఊరు తనంతట తాను ఎలా పూడ్చుకోవచ్చు అన్నది అంకెలతోనే చూద్దాం.

మనకు అన్నిటికంటే దగ్గరిది పంచాయతీ నిబంధన. గ్రామ పంచాయతీల పరిధిలో కుక్కలు, పందులు పెంచాలంటే లైసెన్సు తప్పనిసరి అంటూ ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ శాఖ 2020లో ఉత్తర్వులిచ్చింది. జంతువు ఆరోగ్యంగా ఉందన్న ధ్రువపత్రం చూపించి లైసెన్సు తీసుకోవాలి. ఆ లైసెన్సుకు గుర్తుగా ఇచ్చే బిళ్ల కుక్క మెడలో ఉండాలి. గడువు తీరితే 10 రోజుల్లో రెన్యువల్ చేయించుకోవాలి. లైసెన్సు లేకుండా పెంచితే 500 రూపాయల జరిమానా, ఆ తర్వాత కూడా తీసుకోకపోతే రోజుకు 250. అంటే జరిమానా పడ్డాక ఇంకో 30 రోజులు సాగదీసిన యజమాని కట్టాల్సింది 500కు తోడు 7,500, మొత్తం 8,000 రూపాయలు. డెల్టాలో ఒక వ్యవసాయ కూలీకి ఈ మొత్తం ఎన్ని రోజుల కష్టమో వేరే చెప్పనక్కర్లేదు. బిళ్ల లేని కుక్కను, ఎవరిదో తెలియని కుక్కను వీధి కుక్క కిందే జమ కడతారు. దానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించే బాధ్యత పంచాయతీ మీద పడుతుంది.

మీరు రోజూ అన్నం పెట్టే కుక్క మెడలో ఆ బిళ్ల ఉందా? ఇరుగుపొరుగు ఇళ్లలో ఎక్కడైనా చూశారా? పంచాయతీ కార్యదర్శిని అడిగి దరఖాస్తు తీసుకున్నవాళ్లు మీకు తెలిసి ఎందరున్నారు? చాలా ఊళ్లలో ఈ ప్రశ్నలకు జవాబు ఒకటే. ఉత్తర్వు కాగితం మీదే ఆగింది.

ఇక కేంద్ర చట్టం. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, అందులో 291వ సెక్షన్ పెంపుడు జంతువుల యజమానులకు సంబంధించినది. తన దగ్గరున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి గాని, తీవ్ర గాయానికి గాని అవకాశం ఉందని తెలిసీ, లేదా నిర్లక్ష్యంతో, తగిన జాగ్రత్త తీసుకోని వ్యక్తికి 6 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పాత చట్టంలో 289వ సెక్షన్ కింద ఇదే నేరానికి జరిమానా 1,000 రూపాయలే. ఇప్పుడది అయిదు రెట్లయింది. ఈ సెక్షన్‌లో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. కేసు పెట్టడానికి కుక్క కరిచి తీరాలని లేదు. ప్రమాదం జరిగే అవకాశం ఉండి, దాన్ని అడ్డుకునే జాగ్రత్త తీసుకోకపోతే చాలు. స్కూలు పిల్లల సైకిళ్ల వెంట రోజూ పరుగెత్తే కుక్కను గేటు తీసి వదిలే ఇల్లు ఈ సెక్షన్ పరిధిలోకి వస్తుంది.

కుక్కను అదుపులో పెట్టమంటే రోజంతా గొలుసుతో స్తంభానికి కట్టెయ్యమని కాదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, మరీ పొట్టి గొలుసుతో గాని, మరీ బరువైన గొలుసుతో గాని ఎక్కువసేపు కట్టి ఉంచడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను కాసేపైనా తిప్పకపోవడమూ నేరమే. ఈతలో వచ్చిన పిల్లలను గోనెసంచిలో వేసి పక్క ఊరి డొంకలో వదిలిపెట్టి రావడం కూడా ఇదే సెక్షన్ కింద నేరం. దీనికి మొదటిసారి పడే జరిమానా ఎంతో తెలుసా? కనీసం 10 రూపాయలు, గరిష్ఠం 50. దశాబ్దాలు గడిచినా ఆ అంకె మారలేదు. టీ, సమోసా ఖర్చుతో తేలిపోయే శిక్షకు ఎవరు భయపడతారు? ఆడకుక్క రెండు నెలలకు పైన మూడు రోజులు, అంటే దాదాపు 63 రోజులు మోసి, ఈతకు నాలుగైదు పిల్లల్ని పెడుతుంది. ఏడాదికి రెండు ఈతలు ఈనవచ్చు. ఒక ఇంటివాళ్లు ఆపరేషన్ చేయించకుండా వదిలేసిన ఒక్క కుక్క వల్ల రెండేళ్లలో ఊరి మీద ఎంత భారం పడుతుందో ఈ లెక్కే చెబుతుంది. 2023 మార్చిలో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు అందుకే బాధ్యతను రెండుగా విడదీశాయి. వీధి కుక్కలకు ఆపరేషన్లు, టీకాలు స్థానిక సంస్థ పని. పెంపుడు కుక్కకు టీకా, నట్టల మందు, ఆపరేషన్ యజమాని పని.

ఇదంతా ఎందుకు ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తోందంటే, కాటు లెక్కలు అలా ఉన్నాయి. పార్లమెంటులో ప్రభుత్వం ఇచ్చిన వివరాల ప్రకారం 2022లో దేశంలో నమోదైన కుక్కకాట్లు దాదాపు 22 లక్షలు. 2023లో 30 లక్షలు దాటాయి. 2024లో 37 లక్షల 17 వేలకు చేరాయి. ఆ ఏడాది ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే దాదాపు 2 లక్షల 45 వేలు. ఇవన్నీ ఆసుపత్రికి వెళ్లి చీటీ రాయించుకున్నవాళ్ల లెక్కలు మాత్రమే. భారత వైద్య పరిశోధన మండలి 2022, 2023 సంవత్సరాల్లో 15 రాష్ట్రాల్లో 60 జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి సర్వే చేయించింది. వెయ్యిమందికి ఏడాదికి 5 నుంచి 6 కుక్కకాట్లు జరుగుతున్నాయని ఆ సర్వేలో తేలింది. ఈ లెక్కన 4 వేల జనాభా ఉన్న ఊళ్లో ఏడాదికి 20కి పైగా కాట్లు, అంటే నెలకు ఇద్దరు. రేబిస్ మరణాల విషయంలో తేడా ఇంకా ఎక్కువ. 2024లో రేబిస్ వల్ల అని అనుమానిస్తూ ప్రభుత్వం చెప్పిన మరణాలు 54. ఆ సర్వే ఆధారంగా పరిశోధకులు వేసిన అంచనా ఏడాదికి 5,726. వ్యాధి లక్షణాలు బయటపడ్డాక ఇంటికి తీసుకుపోండని పంపించేసిన రోగి, ఇంట్లోనే కన్నుమూస్తే ఆ మరణం ఏ రిజిస్టరులోకి ఎక్కుతుంది?

పరిశోధకులకు కనిపించిన ఇంకో విషయం మన ఇళ్లలో చర్చకు రావాలి. కరిపించుకున్న ప్రతి అయిదుగురిలో ఒకరు ఒక్క ఇంజెక్షన్ కూడా వేయించుకోలేదు. మొదలుపెట్టినవాళ్లలో సగం మంది దాకా మధ్యలో మానేశారు. మన పెద్దవాళ్ల మనసులో 'బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు' అన్న భయం ఇంకా పోలేదు. గొర్రె మెదడు కణజాలంతో చేసిన ఆ పాత టీకా తయారీని దేశం రెండు దశాబ్దాల కిందటే ఆపేసింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మంలోకి వేసే పద్ధతిలో వెళ్లాల్సింది 4 రోజులే: మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజులు. కండకు వేసే పద్ధతిలో 14వ రోజు కూడా కలిపి 5. రక్తం వచ్చేలా కరిస్తే వీటితో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ వేస్తారు. అది అడిగి మరీ వేయించుకోవాలి. అన్నిటికంటే ముందు చేయాల్సింది సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో 15 నిమిషాలు కడగడం. గడియారం చూసుకుంటూ పావుగంట. కారం, సున్నం, పసుపు పెట్టి కట్టు కట్టడం, నాటుమందు మింగించి పత్యం పెట్టించడం ప్రాణం మీదకు తెస్తుంది. పెంపుడు కుక్కే కరిచింది, దానికి టీకా వేయించాం కదా అని ఆగిపోవద్దు. ఇంజెక్షన్లు మొదలుపెట్టాలి, కుక్కను 10 రోజులు కనిపెట్టి చూడాలి. అది 10 రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా ఉంటే మిగతా మోతాదులు ఆపాలో లేదో డాక్టరు చెబుతారు.

కుక్కకు వేయించే టీకాలో ఊరి లెక్క కూడా ఉంది. ఒక ప్రాంతంలో కనీసం 70 శాతం కుక్కలకు టీకా పడితే రేబిస్ ఒక దాని నుంచి మరొక దానికి పాకడం ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊళ్లో 100 కుక్కలుంటే 70. వీధి కుక్కల్ని పట్టుకుని టీకా వేయడం వల, బండి, మనుషులు ఉంటే గాని జరగని పని. అన్నం పెట్టే చెయ్యి దగ్గరకు దానంతట అది వచ్చే కుక్కకు వేయించడం తేలిక. కాబట్టి ఆ 70లో మొదటి 30, 40 ఇళ్ల కుక్కలే కావాలి. ఏటా జులై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు, పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. 1885లో లూయీ పాశ్చర్ ఒక బాలుడికి తొలిసారి ఈ టీకా వేయించిన రోజు అది. పిల్లకు మూడో నెల నిండాక మొదటి టీకా వేయించి, బూస్టరు ఎప్పుడో పశువుల డాక్టరును అడిగి, ఆ తర్వాత ఏటా ఒకసారి వేయిస్తే చాలు.

కాటు గురించి చట్టం ఇన్ని మాటలు చెప్పింది. మరి విసర్జన సంగతేమిటి? ఇక్కడే అంకెల్లో పెద్ద ఖాళీ కనిపిస్తుంది. పెంపుడు కుక్క బజారులో విసర్జిస్తే యజమానే తీసెయ్యాలి, తీయకపోతే ఇంత జరిమానా అని పంచాయతీల కోసం విడిగా రాసిన అంకె లేదు. కేంద్ర జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఇదే మాట ఉంది: కేంద్రం గాని రాష్ట్రం గాని చట్టం చేయని చోట, కాలనీ సంఘాలు దీనికి సొంతంగా జరిమానాలు వేయకూడదు, యజమానుల్ని అభ్యర్థించాలి, కావాలంటే అందుకు ఒక చోటు కేటాయించుకోవాలి. న్యాయ సంహిత 292వ సెక్షన్‌లో ప్రజలకు ఇబ్బంది కలిగించే పనులకు 1,000 రూపాయల దాకా జరిమానా ఉంది గాని, కుక్క విసర్జన కోసం ఆ సెక్షన్‌తో స్టేషన్ మెట్లెక్కేవారు ఎవరుంటారు?

బయటి ఊళ్లు ఈ ఖాళీని ఎలా నింపుకున్నాయో చూస్తే మనకూ దారి దొరుకుతుంది. న్యూయార్క్‌లో 1978 ఆగస్టు 1 నుంచి ఎవరి కుక్క విసర్జన వాళ్లే తీయాలన్న చట్టం అమల్లో ఉంది. ఇప్పుడక్కడ జరిమానా 250 డాలర్లు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు ఆరు నెలలు వెళ్లి వచ్చిన మన తల్లిదండ్రులు, అక్కడ కుక్కను తిప్పేవాళ్ల చేతిలో చిన్న సంచి చూసే ఉంటారు. మన దేశంలోనే నోయిడా 2022 చివర్లో పెంపుడు కుక్కల మీద ఒక విధానం తెచ్చింది. బయట విసర్జిస్తే శుభ్రం చేయడం యజమాని పని. కుక్క కరిస్తే 10,000 రూపాయల జరిమానా, పైగా బాధితుడి వైద్యం ఖర్చు యజమానిదే.

శుభ్రత అనగానే మనవాళ్లు చూపు గురించి, వాసన గురించి ఆలోచిస్తారు. అసలు ప్రమాదం కంటికి కనిపించదు. ముందు పరిమాణం చూడండి. అమెరికాలో సగటు కుక్క రోజుకు సుమారు 340 గ్రాములు విసర్జిస్తుందని లెక్క కడతారు. మన ఊరి కుక్కలు వాటికంటే చిన్నవి, తిండీ తక్కువ. సగమే అనుకుందాం, 170 గ్రాములు. ఊళ్లో 100 కుక్కలుంటే రోజుకు 17 కిలోలు, ఏడాదికి 6 టన్నుల పైమాటే. అదంతా సీసీ రోడ్ల పక్కన, గడ్డివాముల దగ్గర, బడి ఆవరణలో, మంచినీళ్ల చెరువు కట్ట మీద పడుతుంది. వానాకాలంలో తొలి జల్లుకే మురుగు కాలవలోకి, చెరువులోకి దిగుతుంది. కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలవ నీళ్లు చెరువులో నింపుకుని వేసవి గడిపే ఊళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

ఆ విసర్జనలో ఉండే నట్టల గురించి వివరంగా చెప్పుకోవాలి. కుక్కల కడుపులో ఉండే ఏలికపాము జాతి ఆడపురుగు ఒక్కటే రోజుకు లక్ష దాకా, ఒక్కోసారి అంతకు మించి గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. మట్టిలో ఆడుకున్న పిల్లవాడు చెయ్యి నోట్లో పెట్టుకుంటే లోపలికి పోతాయి. కాలేయానికి, ఊపిరితిత్తులకు, కొన్నిసార్లు కంటికి చేరి చూపు పోగొట్టిన సందర్భాలున్నాయి. రెండోది కొంకిపురుగు. దాని లార్వా చెప్పుల్లేని పాదం చర్మంలోంచి దూరుతుంది, ఎర్రగా వంకరటింకర గీతలా చర్మం కింద పాకుతుంది, దురద భరించలేం. వరి నాట్లకూ కలుపులకూ ఒట్టి కాళ్లతో డొంకల్లో నడిచే మన ఆడవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ.

ఈ రెండు పురుగుల విషయంలో ఒక మంచి వార్త కూడా ఉంది. ఏలికపాము గుడ్డు మట్టిలో పడిన వెంటనే మనిషికి సోకదు, అది ముదరడానికి ఒకటి నుంచి నాలుగు వారాలు పడుతుంది. కొంకిపురుగు గుడ్డు పొదిగి, చర్మంలో దూరగలిగే దశకు రావడానికి దాదాపు 5 నుంచి 10 రోజులు కావాలి. అంటే పొద్దున పడిన విసర్జనను ఆ పూటే తీసేసిన ఇంట్లో ఈ రెండు జబ్బుల దారీ దాదాపు మూసుకుపోతుంది. అదే రోజు తీయాలి అన్న నియమానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు.

మూడో పురుగుతో మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఆదివారం పొద్దున మాంసం కొట్టు దగ్గర నిలబడితే దాని కథ కళ్ల ముందే జరుగుతుంది. మేక కాలేయం కోస్తుంటే ఒక్కోసారి నీళ్లతో నిండిన తెల్లటి తిత్తి బయటపడుతుంది. కొట్టువాడు ఆ ముక్క వరకూ కత్తితో తీసి, ఎదురుగా కాచుకుని కూర్చున్న కుక్క ముందు పడేస్తాడు. ఆ తిత్తిలో ఉండేవి ఎకినోకాకస్ అనే బద్దెపురుగు పిల్లలు. కుక్క పేగుల్లో అవి పెరిగి, సెంటీమీటరు పొడవైనా దాటని పురుగులవుతాయి. వాటి గుడ్లు విసర్జనలో బయటకు వచ్చిన క్షణం నుంచే సోకగలవు. ఆ గుడ్లు గడ్డి మీద పడితే మేకలోకి, ఆకుకూర మీదనో నీళ్లలోనో పడితే మనిషిలోకి చేరి, కాలేయంలో ఏళ్లపాటు మెల్లగా తిత్తి పెంచుతాయి. డాక్టర్లు హైడాటిడ్ అని పిలిచే ఈ జబ్బు దేశంలో ఎక్కువగా కనిపించే ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దీన్ని తెంచడానికి రెండే దారులు: కోసిన వ్యర్థాలను పచ్చిగా కుక్కకు వేయకుండా లోతుగా పాతిపెట్టడం, పెంపుడు కుక్కకు క్రమం తప్పకుండా నట్టల మందు పట్టించడం. పిల్లకు రెండో వారం నుంచి రెండు వారాలకోసారి మూడు నెలల వయసు దాకా, పెద్దదానికి మూడు నెలలకోసారి. ఏ మందు, ఎంత అన్నది బరువును బట్టి పశువుల డాక్టరు చెబుతారు. బద్దెపురుగుకు మామూలు నట్టల మందు చాలదు, ప్రాజిక్వాంటెల్ ఉన్నదే కావాలని అడగండి.

తీసే పద్ధతికి ఖరీదైన సంచులేమీ అక్కర్లేదు. పొయ్యిలో బూడిదో, పొడి మట్టో పైన చల్లి, పాత పారతోనో రేకుముక్కతోనో ఎత్తి, దొడ్డి మూల అడుగున్నర లోతు గుంటలో వేసి మట్టి కప్పాలి. ఆ గుంట బోరుకు, బావికి, చెరువుకు దూరంగా ఉండాలి. పెంటకుప్పలో వేయకూడదు, ఎందుకంటే ఆ ఎరువు మళ్లీ తోటకూర మడిలోకే వస్తుంది. నీళ్లు కొట్టి కాలవలోకి నెట్టెయ్యడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. ఎత్తాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఈ పనంతా రెండు నిమిషాలది. ఇంటిముందు బజారు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలి చీపురు కిందకు అది రాకూడదు. ఆమె జీతం ఊరి చెత్తకు. మన కుక్క పని ఆమెది కాదు.

వీధి కుక్కల మీద సుప్రీంకోర్టు 2025లో ఇచ్చిన ఉత్తర్వులు కూడా ఊరికి తెలియాలి. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, పట్టిన కుక్కలకు ఆపరేషన్, టీకా చేసి పట్టిన చోటే వదలాలని, రేబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలకూడదని చెప్పింది. ఎక్కడపడితే అక్కడ కాకుండా కేటాయించిన చోటే తిండి పెట్టాలంది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి కుక్కల్ని తొలగించి మళ్లీ అక్కడ వదలవద్దని ఆదేశించింది. కోపంతో విషం పెట్టేవారికి కూడా ఒక అంకె ఉంది: న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా జైలు.

ఇక ఊరు చేసుకోగల పని. గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలి. వచ్చే సభలో కుక్కల్ని అజెండాలో పెట్టమని వార్డు మెంబరును ముందే అడగవచ్చు. మొదటి తీర్మానం పేర్ల పట్టిక: ఏ ఇల్లు ఏ కుక్కకు అన్నం పెడుతోందో, అది ఆ ఇంటిదే అని రాసుకోవడం. వరసగా మూడు నెలలు ఒకే గేటు దగ్గర తిన్న కుక్కను ఆ గేటు పేరనే రాయాలని నా అభిప్రాయం. ఇలా రాస్తే అన్నం పెట్టడం మానేస్తారని కొందరంటారు. కొందరు మానేస్తారు కూడా. కానీ మిగిలినవాళ్ల కుక్కలకైనా టీకా పడుతుంది, ఆపరేషన్ జరుగుతుంది. రెండో తీర్మానం జులై 6కు ముందే ఆ పట్టికను పశువుల ఆసుపత్రికి ఇచ్చి, ఎన్ని డోసులు కావాలో చెప్పడం. మూడోది విసర్జన గురించి: బడి, అంగన్‌వాడీ, గుడి, మసీదు, చర్చి, చెరువు కట్ట, ఈ చోట్లకు పెంపుడు కుక్కను తాడు లేకుండా పంపకూడదు, పడిన విసర్జనను ఆ పూటే యజమాని తీయాలి. జరిమానా వేయడానికి అధికారం కావాలి గాని, నియమం పెట్టుకుని నోటీసు బోర్డు మీద రాయడానికి, తీయని ఇంటికి సభ తరఫున ఇద్దరు వెళ్లి మర్యాదగా చెప్పడానికి ఏ జీవో అక్కర్లేదు. 'అన్నయ్యా, మీ కుక్క మా వాకిట్లో చేసిపోయింది, కాస్త తీయించండి' అని ఇప్పుడు ఒక్క ఇల్లు అడిగితే అది తగవవుతోంది. ఊరంతా కలిసి పెట్టుకున్న నియమం పేరుతో అడిగితే ఆ ఇబ్బంది ఉండదు.

చెప్పినా వినని యజమాని, పదేపదే మీదపడే కుక్క ఉంటే ఫిర్యాదు రాతపూర్వకంగా పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి రసీదు తీసుకోవాలి. కరిచిన తేదీ, చోటు, ఆసుపత్రి చీటీ నకలు జతచేయాలి. అక్కడ కదలిక లేకపోతే తహసీల్దారు దగ్గరకు వెళ్లండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద, ప్రభుత్వం అందుకు నియమించిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు, ప్రమాదకరమైన జంతువును కట్టడి చేయమని యజమానిని ఆదేశించే అధికారం ఉంది. కుక్కకు జబ్బు చేసినా, ప్రవర్తన మారినట్టు కనిపించినా పశువైద్యం కోసం పిలవాల్సిన నంబరు 1962, అది ఉచితం.